గూడ్సు బండిని వెనక్కి నెట్టాల్సి వస్తే: ఎప్పుడు నెట్టవచ్చు, ఎలా నెట్టాలి

"పట్టాలు అవే, ఇంజన్ అదే, బ్రేకులు అవే. ముందుకి లాగితే ఏంటి, వెనక్కి నెడితే ఏంటి సార్?" తండయార్‌పేట మార్షలింగ్ యార్డులో (గూడ్సు బండ్లను విడదీసి, కూర్చే చోటు) కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ మొదటి నెలలోనే ఈ ప్రశ్న అడుగుతాడు. గూడూరు, నాయుడుపేట, ఒంగోలు వైపు నుంచి రైల్వే పరీక్షలు రాసి చెన్నై వచ్చే మన పిల్లలు చాలామందే ఉన్నారు. గార్డుగా (బండి చివర బ్రేక్ వ్యాన్ అనే పెట్టెలో ఉండే ఉద్యోగి, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు) నా సర్వీసంతా ఈ ఉత్తర చెన్నై లైన్లలోనే గడిచింది. రిటైరయ్యాక కూడా కొరుక్కుపేటలోనే ఉంటున్నాను కాబట్టి ఆ పిల్లలు ఇంటికి వచ్చి అడుగుతూనే ఉంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. మీ స్టేషన్ వర్కింగ్ రూల్స్‌లో ఏదైనా ఇంతకంటే గట్టిగా ఉంటే అదే పాటించండి.

ముందు మాట తేల్చుకుందాం

వెనక్కి నడపడం అని మనం మూడు వేర్వేరు పనులను అంటుంటాం. మొదటిది, ఇంజన్ తిరగబడి ఉన్నా బండికి ముందే ఉండి లాగడం. డబ్ల్యూఏజీ-9 లాంటి కరెంటు ఇంజన్లకు రెండు వైపులా క్యాబ్ ఉంటుంది కాబట్టి వాటికి ఇది సమస్యే కాదు. డబ్ల్యూడీజీ-4 డీజిల్‌కు క్యాబ్ ఒక్క వైపే ఉంటుంది. యంత్రాలుండే పొడుగు బానెట్ ముందు పెట్టుకుని నడిపితే చూపు బాగా తగ్గుతుంది, అయినా లోకో పైలట్ బండికి ముందు భాగంలోనే ఉంటాడు. రెండోది, విశాఖపట్నంలో హౌరా–చెన్నై బండ్లకు చేసినట్టు ఇంజన్‌ను తీసి రెండో చివర తగిలించడం. ఇదీ మామూలు పనే.

మూడోది అసలైన నెట్టుడు. ఇంజన్ వెనకాల ఉంటుంది, రేక్ (తగిలించిన వ్యాగన్ల వరుస) మొత్తం దాని ముందు కదులుతుంది, ముందు చివర ఇంజన్ ఉండదు. ఈ వ్యాసం దీని గురించే. ఘాట్ ఎక్కేటప్పుడు వెనక తగిలించే బ్యాంకర్ ఇంజన్ ఈ లెక్కలోకి రాదు, అక్కడ ముందు ఇంజన్‌లో మనిషి ఉంటాడు. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే కొండపల్లి నుంచి నడిపిన 'త్రిశూల్' లాంటి మూడు గూడ్సులు కలిపిన పొడవాటి బండ్లు కూడా అంతే.

ప్రమాదం ఎక్కడుంది

లాగే బండిలో దారి చూసే కళ్లు, బ్రేక్ వేసే చెయ్యి ఒకే మనిషివి. నెట్టే బండిలో కళ్లు ఒక చివర, చెయ్యి ఇంకో చివర. 58 బాక్సెన్ వ్యాగన్లు (బొగ్గు లాంటివి మోసే, పై కప్పు లేని పెట్టెలు), బ్రేక్ వ్యాన్, ఇంజన్ కలిపితే ఆ రెండింటి మధ్య దూరం దాదాపు 650 మీటర్లు. ఇరుసుకు 22.9 టన్నుల చొప్పున లోడు వేస్తే ఒక్కో వ్యాగన్ 91.6 టన్నులు, మొత్తం 5,300 టన్నుల పైమాటే.

గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. ముందున్న గార్డు ఏదో చూసి, రేడియోలో చెప్పి, లోకో పైలట్ విని చెయ్యి కదిపేసరికి 5 సెకన్లు పట్టిందనుకోండి, అప్పటికే 35 మీటర్లు పోయాయి. ఆ తర్వాత బ్రేక్ వెంటనే పట్టేస్తుందా అంటే అదీ లేదు. గూడ్సు వ్యాగన్ల డిస్ట్రిబ్యూటర్ వాల్వు (బ్రేక్ పైపులో ఒత్తిడి పడగానే బ్రేకులకు గాలి పంపేది) బ్రేక్ సిలిండర్‌ను పూర్తిగా నింపడానికి 18 నుంచి 30 సెకన్లు తీసుకుంటుంది. పొడవాటి బండి ఒక్క కుదుపుతో తెగిపోకుండా కావాలనే అలా పెట్టారు. లాగే బండిలో ముందు చూపు దూరం ఉంటుంది కాబట్టి ఈ ఆలస్యం సర్దుకుంటుంది. నెట్టే బండిలో ఆ ఆలస్యం మీదకు మాటలు పంపుకునే ఆలస్యం కూడా వచ్చి పడుతుంది.

ఇక రెండో ప్రమాదం పట్టాల మీద. లాగేటప్పుడు కప్లింగులన్నీ బిగుసుకుని రేక్ ఒక గొలుసులా ఇంజన్ వెంట వస్తుంది. నెట్టేటప్పుడు గొలుసును వెనక నుంచి తోస్తున్నట్టే. ప్రతి కప్లింగ్‌లో ఉన్న కొద్దిపాటి వదులు మూసుకుపోతుంది, బలమంతా వ్యాగన్ల మీద నొక్కుడుగా పడుతుంది. లైను తిన్నగా ఉంటే ఫర్వాలేదు. వంపులో, క్రాసోవర్ (ఒక లైను నుంచి పక్క లైనుకు దాటే చోటు) మీద ఆ నొక్కుడు వ్యాగన్‌ను పక్కకు తోస్తుంది. లోడు వ్యాగన్ బరువు మీద నిలబడుతుంది. ఖాళీ వ్యాగన్ 20 టన్నుల పైచిలుకే, అది లోడు వ్యాగన్ల మధ్య ఇరుక్కుంటే చక్రం అంచు పట్టా ఎక్కేస్తుంది. నాలుగు చక్రాల పాత రకం బ్రేక్ వ్యాన్ ముందు ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి, ఆ రేక్‌లో అన్నిటికంటే తేలికైనది అదే.

ముందుండే పెట్టె తేలికగా ఉంటే ఏమవుతుందో స్కాట్లండ్‌లో పోల్మంట్ దగ్గర 1984 జులై 30న చూశారు. అది ప్యాసింజర్ బండి, ముందు క్యాబ్‌లో డ్రైవర్ కూడా ఉన్నాడు, ఇంజన్ మాత్రం వెనక నుంచి నెడుతోంది. పట్టాల మీదికి వచ్చిన ఆవును ముందు పెట్టె గుద్ది పట్టా తప్పింది, 13 మంది చనిపోయారు. కాబట్టి ముందు మనిషిని నిలబెట్టేస్తే అంతా సరిపోతుందని అనుకోకండి. వేగం తగ్గించి తీరాలి.

మొదటి అడుగు: నెట్టడం అవసరమా?

చాలాచోట్ల నెట్టడానికి కారణం ఇంజన్ అటు చివరికి మార్చడానికి బద్ధకం. లూప్ లైను (పక్కగా వెళ్లి మళ్లీ కలిసే లైను) ఖాళీగా ఉండి, ఇంజన్ తిప్పుకొచ్చి, బ్రేక్ పరీక్ష చేసుకోవడానికి నా అనుభవంలో అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. 8 కిలోమీటర్ల వేగంతో 3 కిలోమీటర్లు నెట్టాలంటే 22 నిమిషాలు చాలు, 10 కిలోమీటర్లకైతే గంటా పావు. ఆ గంటా పావూ లైను మొత్తం మీ చేతుల్లో ఇరుక్కుపోతుంది, మిగతా బండ్లన్నీ ఆగిపోతాయి. యార్డు నుంచి పక్క సైడింగులోకి (సరుకు ఎక్కించి దించే పక్క లైను), డెడ్ ఎండ్ (పట్టాలు అక్కడితో అయిపోయే చోటు) ఉన్న గోడౌన్ లైనులోకి, ఇంజన్ తప్పించుకోవడానికి దారి లేని చోటికి నెట్టడం సబబే. అంతకు మించిన దూరానికి ఇంజన్ మార్చమని అడగండి. అడిగితే కోప్పడతారని భయపడవద్దు, బండ్ల నడకను చూసుకునే కంట్రోలర్‌కు నిమిషాల లెక్క చెబితే అర్థం చేసుకుంటాడు.

కరెంటు ప్లాంట్లు బొగ్గు బండ్లకు గుండ్రటి లైను వేసుకునేది ఇందుకే. రేక్ ఒక వైపు నుంచి వచ్చి, ఖాళీ అయ్యి, ఆగకుండా ఇంకో వైపు నుంచి పోతుంది. నెట్టే పనే ఉండదు.

రెండో అడుగు: అనుమతి, వేగం

రైల్వే బండ్ల నడక నిబంధనలైన జనరల్ రూల్స్‌లో 4.12 చదవండి. ప్రత్యేక ఉత్తర్వులు లేకుండా స్టేషన్ హద్దుల బయట ఇంజన్ బండిని నెట్టకూడదు, నెట్టినా గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. బ్రేక్ వ్యాన్ ముందుండి గార్డు అందులో ఉంటేనే ఆ 25. బ్రేక్ వ్యాన్ ముందు లేకపోతే 8 కిలోమీటర్లే, అంటే మనిషి మెల్లగా పరుగెత్తినంత. యార్డు లోపల షంటింగ్ (వ్యాగన్లను అటూ ఇటూ కదిపి అమర్చడం) మామూలుగా 15, పేలుడు పదార్థాలు, పెట్రోలు లాంటివి ఉంటే 8. తండయార్‌పేటలో ఆయిల్ ట్యాంకర్లతో పని చేసేవాళ్లకు ఈ 8 నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి.

షంటింగ్ ఆర్డరు టి/806 చేతికి రాకుండా కదలొద్దు. నోటి మాటతో "కొంచెం బ్యాక్ చెయ్యండి" అంటే ఒప్పుకోవద్దు. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ లైను మీద అన్నది కాగితం మీద ఉండాలి, అది లోకో పైలట్, గార్డు ఇద్దరూ చదవాలి.

మూడో అడుగు: బ్రేక్ పైపు రెండు చివరల నుంచీ

తొందరలో అందరూ వదిలేసేది ఈ అడుగే. ఇంజన్ దగ్గర బ్రేక్ పైపు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు ఉందని సరిపెట్టుకోవద్దు. గార్డు బ్రేక్ వ్యాన్‌లో గేజ్ చూడాలి, 4.8 చుట్టూ ఉండాలి. తర్వాత లోకో పైలట్ బ్రేక్ వేస్తే గార్డు గేజ్‌లో ముల్లు పడాలి. ఆ తర్వాత గార్డు తన వాల్వు కాస్త తెరిస్తే ఇంజన్‌లో ముల్లు పడాలి. రెండు వైపులా పడ్డాకే రేక్ ఒక్కటిగా ఉన్నట్టు.

ఎందుకంటే మధ్యలో ఎక్కడో ఒక యాంగిల్ కాక్ (వ్యాగన్ చివర గాలి పైపుకు ఉండే కుళాయి) మూసి ఉంటే, అక్కడి నుంచి ముందున్న వ్యాగన్లకు ఇంజన్ బ్రేక్ చేరదు. లాగేటప్పుడు అలా జరిగితే వెనక వ్యాగన్లు ముందువాటిని తోస్తాయి, అది చెడ్డదే. నెట్టేటప్పుడు ఇంకా చెడ్డది. గార్డు ముందు చివర వాల్వు లాగితే ముందు వ్యాగన్లే ఆగుతాయి. ఇంజన్‌లో ముల్లు కదలదు కాబట్టి లోకో పైలట్‌కు తెలియదు, నెడుతూనే ఉంటాడు. ఆగిన వ్యాగన్ల మీదికి మిగతా వేల టన్నులు వచ్చి పడతాయి. వ్యాగన్లు లేచి పక్కకు పడిపోయేది అప్పుడే.

నాలుగో అడుగు: దారి నడిచి చూడండి

కొత్త సైడింగ్ అయితే ఒకసారి పూర్తిగా నడిచి చూడటమే మంచి పద్ధతి. పట్టాల మధ్య ఇసుక, రాళ్లు, ఊడిన స్లీపర్ క్లిప్పులు, లైనుకు దగ్గరగా ఆపిన లారీలు చూసుకోవాలి. పక్క లైనులో ఉన్న వ్యాగన్ ఫౌలింగ్ మార్క్ (రెండు లైన్లు కలిసే చోట, ఇది దాటి బండి నిలబడకూడదని చూపే గుర్తు) లోపలే ఉందో లేదో చూడాలి. డెడ్ ఎండ్ ఎక్కడుందో కాకుండా, దానికి ఎన్ని వ్యాగన్ల ముందు ఆపాలో గుర్తు పెట్టుకోండి. అక్కడ ఉన్న స్తంభమో, వేప చెట్టో ఏదో ఒక ఆనవాలు చూసి లోకో పైలట్‌కు కూడా చెప్పండి.

పాయింట్ల (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే చోట్లు) విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ముందుకు పోయేటప్పుడు మీరు వెనక నుంచి దాటిన పాయింట్లు, వెనక్కి వచ్చేటప్పుడు ఎదురు పాయింట్లు అవుతాయి. పాయింటులో కదిలే నాలుక, అసలు పట్టాకు ఆనుకుని గట్టిగా ఉంటేనే చక్రం సరైన దారి పడుతుంది. సిగ్నల్‌తో తాళం పడని పాయింటు ఉంటే క్లాంపు వేసి, తాళం వేసి, అప్పుడు కదలండి.

అయిదో అడుగు: మాట కలుపుకోండి

చెన్నైలో గార్డు తెలుగువాడు, లోకో పైలట్ తమిళుడు, అసిస్టెంట్ బిహార్ వాడు కావడం రోజూ జరిగేదే. అందరం మంచి మనసుతోనే మాట్లాడుకుంటాం, కానీ రేడియోలో గరగర ఉన్నప్పుడు మంచి మనసు పనికిరాదు. "పుష్", "పుల్" అనే మాటలు గరగరలో ఒకేలా వినిపిస్తాయి. తమిళంలో 'మున్నాడి', 'పిన్నాడి' అంటే ముందు, వెనక. వాటికి తోకలు ఒకటే. అసలు నెట్టే బండిలో ముందు ఏది? గార్డుకు తను చూస్తున్న వైపు, లోకో పైలట్‌కు తన క్యాబ్ ఎదురుగా ఉన్న వైపు. కాబట్టి ఆ మాటలే వాడొద్దు. ఊరి పేరు చెప్పండి: "హార్బర్ వైపు", "కొరుక్కుపేట వైపు". ఇది ఎవరికీ తప్పుగా అర్థం కాదు.

దూరాన్ని వ్యాగన్లలో చెప్పండి. "ఇరవై వ్యాగన్లు", "పది", "అయిదు", "మూడు", "ఒకటి", "స్టాప్". బాక్సెన్ వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు కాబట్టి పది వ్యాగన్లంటే నూరు మీటర్లని ఇద్దరి మనసులోనూ ఒకే బొమ్మ ఉంటుంది. అమెరికా రైల్వే నిబంధనల్లో ఒక మంచి పద్ధతి ఉంది: చెప్పిన దూరంలో సగం వెళ్లేలోపు మరో మాట రాకపోతే బండి ఆపెయ్యాలి. నేను పని చేసినంత కాలం నా లోకో పైలట్లతో దీన్ని ముందే ఒప్పించుకునేవాణ్ణి. "ఇరవై అన్నాక పది వినపడకపోతే నా కోసం చూడొద్దు సార్, ఆపెయ్యండి" అని. రేడియో చచ్చిపోవచ్చు, నేను జారి పడిపోవచ్చు, ఏది జరిగినా బండి ఆగుతుంది.

రేడియో పని చెయ్యకపోతే చేతి సిగ్నళ్లు. పచ్చ జెండా లేదా పచ్చ లైటు పైకీ కిందికీ మెల్లగా ఊపితే నా నుంచి దూరంగా పో అని, ఒంటికి అడ్డంగా అటూ ఇటూ ఊపితే నా వైపు రా అని. ఎర్ర జెండా లేదా రెండు చేతులూ తల మీదికి ఎత్తితే ఆపు అని. వంపు వల్ల ఇంజన్‌కు మీరు కనిపించకపోతే మధ్యలో పాయింట్స్‌మన్‌ను (పాయింట్లు మార్చే ఉద్యోగి) నిలబెట్టండి. ఆ మనిషి దొరకకపోతే దొరికేదాకా ఆగండి.

ఆరో అడుగు: కదిలాక

బ్రేక్ వ్యాన్ ముందుంటే గార్డు వెళ్లే దిక్కుకు ఎదురుగా, చెయ్యి వాల్వుకు అందేంత దగ్గరగా నిలబడాలి. కుర్చీలో కూర్చోవద్దు, కాగితాలు రాయొద్దు. బ్రేక్ వ్యాన్ లేకపోతే వ్యాగన్ మెట్టు మీద వేలాడుతూ పోయే అలవాటు కొందరికి ఉంది, దయచేసి వద్దు. వ్యాగన్‌కు కాస్త ముందు, పక్కగా నడవండి.

లోకో పైలట్ మెల్లగా నాచ్ (ఇంజన్ బలాన్ని మార్చే మెట్టు) పెంచి, కప్లింగులన్నీ మూసుకున్నాక మాత్రమే బలం ఇవ్వాలి. ఆపేటప్పుడు ముందు నాచ్ తగ్గించి, తర్వాత బ్రేక్ వెయ్యాలి. గార్డు వాల్వు లాగాడని ముల్లు చెప్పిన క్షణమే నాచ్ సున్నాకి రావాలి, ఎందుకని అడగడం ఆ తర్వాత.

ఎన్నూరు వైపు ఒక ప్రైవేటు సైడింగులో జరిగింది చెబుతాను. నవంబరు నెల, సన్నగా వాన. ఖాళీ రేక్‌ను లోపలికి నెడుతున్నాం, నేను బ్రేక్ వ్యాన్‌లో ముందున్నాను. వేగం 8 లోపే. మధ్యలో లారీలు దాటే దారి ఒకటి ఉంది, గేటు లేదు, కాపలా మనిషి వాన అని షెడ్డులోకి పోయాడు. బూడిద లోడుతో ఒక లారీ వచ్చి ఆగింది. ఆగింది కదా అని నేను అనుకున్నాను. మళ్లీ కదిలి పట్టాల మీదికే వచ్చింది. రేడియోలో "స్టాప్" అన్నాను, గరగర తప్ప జవాబు లేదు. రెండోసారి అనలేదు, వాల్వు పూర్తిగా లాగేశాను. గాలి బుస్సుమంది. ఒక క్షణం ఏమీ జరగలేదు, తర్వాత వెనక నుంచి వ్యాగన్లు ఒకదాని మీద ఒకటి నొక్కుకుంటూ గడగడమనే చప్పుడు నా దాకా పాకుతూ వచ్చింది, కాళ్ల కింద నేల ముందుకు తోసింది. లారీకి రెండు వ్యాగన్ల దూరంలో ఆగాం.

దిగి లారీ డ్రైవర్‌ను అడిగితే ఆ అబ్బాయి వణుకుతూ ఒకటే మాట: "ఎర్ర లైటు కనపడింది సార్, బండి వెళ్లిపోతోందనుకున్నా." బ్రేక్ వ్యాన్ చివర ఎర్ర టెయిల్ ల్యాంప్ అలాగే వెలుగుతోంది. ఎవరికైనా ఎర్ర దీపమంటే బండి తోక. తోకే తన మీదికి వస్తుందని ఎలా అనుకుంటాడు? ఆ రోజు నుంచి రాత్రి నెట్టే ప్రతిసారీ చేతి ల్యాంపు తెల్ల వెలుగును పట్టాల మీదికి వేసి పట్టుకునేవాణ్ణి, దారులు దాటే ప్రతి చోటా ముందే ఆపించి, మనిషిని దింపి, వాహనాలు ఆపాకే కదిలించేవాణ్ణి.

సెక్షన్ మధ్యలో వెనక్కి రావాల్సి వస్తే

ఇది యార్డు పని కాదు, రెండు స్టేషన్ల మధ్య లైనులో పని, దీని టెన్షన్ వేరు. ఎదురుగా గండి పడిందనో, బండి ఎత్తు ఎక్కలేకపోయిందనో వెనక స్టేషన్‌కు రావాల్సి వస్తుంది. స్టేషన్ మాస్టర్ రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకూడదు. డబుల్ లైనులో మీరు వెనక్కి వచ్చే దిక్కుకు సిగ్నళ్లు ఉండవు, ఉన్నవన్నీ మీకు వీపు చూపిస్తుంటాయి. ఆటోమేటిక్ సిగ్నళ్లున్న చెన్నై సెంట్రల్–అరక్కోణం లాంటి చోట ఇంకా కష్టం, మీ వెనకాలే, అదే లైనులో, ఇంకో బండి నిలబడి ఉండొచ్చు.

అన్నిటికంటే మర్చిపోయేది గేట్లను. మీ బండి దాటగానే గేట్‌మన్ గేటు తీసేశాడు, జనం దాటుతున్నారు. మీరు తిరిగి వస్తున్నారని అతనికి ఎవరు చెప్పారు? దారిలో ఉన్న ప్రతి గేటుకూ ఫోన్ వెళ్లిందని స్టేషన్ మాస్టర్‌ను అడిగి తెలుసుకోండి, అయినా ప్రతి గేటు ముందూ ఆగి, మూసి ఉందని గార్డు కళ్లతో చూశాకే దాటండి. గార్డు లేకుండా, బ్రేక్ వ్యాన్ తీసేసి, చివర టెలిమెట్రీ పెట్టెతో నడిచే బండ్లకు ఇది పెద్ద ప్రశ్న. ఆ పెట్టె బ్రేక్ పైపు ఒత్తిడి చెబుతుంది కానీ దారి చూడదు. అలాంటి బండిని వెనక్కి నెట్టాలంటే ముందు చివరకు రేడియోతో ఒక మనిషి రావాలి, లేదా వెనక స్టేషన్ నుంచి ఇంకో ఇంజన్ వచ్చి లాక్కెళ్లాలి. నన్నడిగితే రెండోదే మేలు.

చివరి అడుగు: ఆపి, కట్టి, వెళ్లండి

రేక్‌ను పెట్టాల్సిన చోట పెట్టాక ఇంజన్ విప్పే ముందే హ్యాండ్ బ్రేకులు బిగించండి, చక్రాల కింద చెక్క చీలికలు పెట్టండి, గొలుసు వేసి తాళం వెయ్యండి. గాలి బ్రేక్ పట్టి ఉంది కదా అని వదిలెయ్యొద్దు, గాలి మెల్లగా కారిపోతుంది. 2024 ఫిబ్రవరి 25న కఠువాలో ఆపిన కంకర గూడ్సు 53 వ్యాగన్లతో, డ్రైవర్ లేకుండా దొర్లి, 70 కిలోమీటర్లకు పైగా పోయి పంజాబ్‌లోని ఊంచీ బస్సీ దగ్గర ఆగింది. హ్యాండ్ బ్రేక్ బిగించాక షూ చక్రానికి ఆనిందో లేదో చేత్తో తట్టి చూడండి, చక్రం తిప్పినంత మాత్రాన పట్టినట్టు కాదు. ఎన్ని వ్యాగన్లకు బిగించారో, ఎన్ని చీలికలు పెట్టారో రిజిస్టర్‌లో రాసి, స్టేషన్ మాస్టర్ సంతకం తీసుకుని, తాళం చెవి ఆయన చేతిలో పెట్టండి.